ఏ గడి పలికింది? ఆన్‌లైన్ ఫారం తెర వెనక జరిగే సంగతి

కాగితం ఫారం చూడగానే చాలా సంగతులు చెబుతుంది. ఒక గడిలో సిరా రంగు మారితే తర్వాత ఎవరో దిద్దారని తెలుస్తుంది. దస్తూరి మారితే వేరే చెయ్యి పడిందని తెలుస్తుంది. ఖాళీగా వదిలేసిన గడి ఖాళీగానే కనిపిస్తుంది. ఆన్‌లైన్ ఫారంలో ఈ ఆనవాళ్లేవీ ఉండవు. అన్ని గడుల్లోనూ ఒకే అచ్చు అక్షరాలు. ఏ గడిలో మార్పు జరిగింది, అది మనిషి చేసిందా, ముందే అక్కడ పెట్టి ఉన్నదా అన్నది ఆ పేజీ వెనక నడిచే స్క్రిప్ట్ కనిపెట్టి చూసుకుంటేనే తెలుస్తుంది.

మన సంఘం కుటుంబాల పట్టీని ఆన్‌లైన్‌లోకి మారుస్తున్న సంగతి సభ్యులకు తెలిసిందే. పేజీ తయారు చేస్తున్నది మన ఇళ్ల పిల్లలే. పగలు కంపెనీ పని, రాత్రి సంఘం పని. వారితో కూర్చున్న ప్రతిసారీ మాటలు ఒకే ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగేవి: “ఈ సంకేతం ఏ గడి నుంచి వచ్చింది?” వినడానికి ఇది సాంకేతికుల గొడవలా ఉంటుంది. కానీ మన పేరు ఏ లిపిలో నమోదవుతుంది, మన మాతృభాష ఏమని లెక్కలోకి వెళ్తుంది అన్నవి దీని మీదే ఆధారపడి ఉన్నాయి. అందుకే పిల్లలు మాకు చెప్పినదాన్ని పెద్దలకు అర్థమయ్యే మాటల్లో ఇక్కడ రాస్తున్నాం.

ఈవెంట్ అంటే ఒక తపాలు కాగితం

మనం కాలమ్ అని, గడి అని పిలిచేదాన్ని వారు ఫీల్డ్ అంటారు. ఆ గడితో మనం ఏం చేసినా బ్రౌజర్ ఒక చిన్న కబురు పుట్టిస్తుంది. దాని పేరు ఈవెంట్. గడిలోకి వెళితే ఫోకస్. ఒక మీట నొక్కితే కీడౌన్. గడిలోని రాత మారిన ప్రతిసారీ ఇన్‌పుట్. రాత మార్చి గడి దాటి బయటికి వస్తే చేంజ్. మార్చినా మార్చకపోయినా బయటికి వస్తే బ్లర్. చివరికి పంపండి అన్న బటన్ నొక్కితే సబ్మిట్.

ఇన్‌పుట్‌కూ చేంజ్‌కూ తేడా గుర్తుపెట్టుకోదగ్గది. “రామారావు” అని టైపు చేస్తుంటే ఇన్‌పుట్ మీట మీటకూ వస్తుంది. చేంజ్ మాత్రం మీరు పేరు పూర్తి చేసి పక్క గడిలోకి వెళ్లినప్పుడు ఒక్కసారే వస్తుంది. ఒకటి మాట్లాడుతుండగా వినడం, రెండోది మాట ముగిశాక వినడం.

ఆఫీసులో తపాలు వచ్చే తీరు గుర్తుకు తెచ్చుకుంటే ఈవెంట్ సులువుగా అర్థమవుతుంది. తపాలు కాగితం మీద మూడు సంగతులు ఉండాలి: ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎవరి దగ్గర నుంచి వచ్చింది. ఈవెంట్‌లోనూ ఈ మూడూ ఉంటాయి. ఎవరి దగ్గర నుంచి అన్నదాని పేరే టార్గెట్. స్క్రిప్ట్‌లో “ఈవెంట్ డాట్ టార్గెట్” అని అడిగితే ఆ కబురు పుట్టిన గడి చేతికి వస్తుంది. దాని పేరు అడగవచ్చు, అందులోని రాత అడగవచ్చు, అది ఏ వరుసలో ఉందో అడగవచ్చు.

కాగితం పైకి వెళ్తున్నా, పంపినవారు మారరు

ఇక్కడ ఒక మెలిక ఉంది. గడిలో పుట్టిన కబురు గడి దగ్గరే ఆగిపోదు. గడి ఒక వరుసలో ఉంటుంది, వరుస ఒక పట్టికలో ఉంటుంది, పట్టిక ఫారంలో ఉంటుంది, ఫారం పేజీలో ఉంటుంది. కబురు గడి నుంచి మొదలై ఒక్కొక్క మెట్టూ పైకి వెళ్తుంది. నీళ్లలో బుడగ పైకి తేలినట్టు ఉంటుందని దీన్ని బబ్లింగ్ అంటారు. ఆఫీసు భాషలో చెప్పాలంటే గుమాస్తా బల్ల మీద మొదలైన కాగితం సూపరింటెండెంట్ బల్ల మీదుగా మేనేజరు గది దాకా వెళ్లడం.

మేనేజరు బల్ల మీద ఉన్నంత మాత్రాన ఆ కాగితం మేనేజరు రాసింది కాదు. స్క్రిప్ట్‌లోనూ ఈ రెంటికీ వేరువేరు పేర్లు పెట్టారు. కాగితం పుట్టిన చోటు టార్గెట్. ఇప్పుడు కాగితం ఉన్న బల్ల కరెంట్‌టార్గెట్. కబురు పైకి వెళ్తున్నకొద్దీ కరెంట్‌టార్గెట్ మారుతూ ఉంటుంది, టార్గెట్ మారదు. కొత్తగా నేర్చుకునేవారు ఈ రెంటినీ కలిపేసి, గడి పేరు అడగబోయి ఫారం పేరు తెచ్చుకుంటుంటారు.

“దిస్” అనే మాట కూడా ఇలాగే తికమక పెడుతుంది. పాత పద్ధతిలో రాసిన ఫంక్షన్‌లో దిస్ అంటే కాగితం ఇప్పుడున్న బల్ల, అంటే కరెంట్‌టార్గెట్. ఈ మధ్య అందరూ రాస్తున్న యారో ఫంక్షన్‌లో దిస్‌కు ఆ అర్థమే ఉండదు, అది ఫంక్షన్ చుట్టూ ఉన్నదాన్ని చూపిస్తుంది. ఇంకొక సంగతి: కబురు ప్రయాణం ముగిశాక కరెంట్‌టార్గెట్ ఖాళీ అయిపోతుంది. కాసేపాగి చూద్దాంలే అని పక్కన పెడితే అక్కడ ఏమీ మిగలదు. గడి ఏదో తెలియాలంటే టార్గెట్‌నే అడగాలని పిల్లలు గట్టిగా చెబుతారు.

ఏడుగురి ఇంటికి నలభై రెండు కాపలాలా?

మన పట్టీలో ఒక్కొక్క మనిషికి ఆరు గడులు: పేరు తెలుగులో, కన్నడలో, ఇంగ్లిషులో, పుట్టిన తేదీ, బంధుత్వం, మాతృభాష. తాత, నాయనమ్మ, కొడుకు, కోడలు, ముగ్గురు పిల్లలు ఉన్న ఇంటికి 42 గడులు. ఒక్కొక్క గడి దగ్గరా ఒక కాపలా మనిషిని పెట్టినట్టు స్క్రిప్ట్ రాయవచ్చు. కానీ “మరొకరిని చేర్చండి” నొక్కి ఎనిమిదో మనిషి వరుస తెరిస్తే, ఆ కొత్త గడులకు కాపలా ఉండదు. వాటిలో ఏం రాసినా ఎవరూ వినరు.

అందుకని ఫారం గుమ్మం దగ్గర ఒకే ఒక్క కాపలాను పెడతారు. ఏ గడిలో ఏం జరిగినా కబురు పైకి తేలుతూ గుమ్మం దాకా వస్తుంది కదా. అక్కడ టార్గెట్‌ను అడిగితే ఏ గడో తెలుస్తుంది. ఆ గడి నుంచి దగ్గరి వరుసను వెతికితే ఏ మనిషో తెలుస్తుంది. ఈ వెతుకులాటకు క్లోజెస్ట్ అనే సదుపాయం ఉంది. “నాలుగో వరుసలోని మనవరాలి పుట్టిన తేదీ మారింది” అని ఇలా తేలుతుంది. తర్వాత చేర్చిన వరుసలకూ ఇదే కాపలా సరిపోతుంది.

అన్ని కబుర్లూ ఇలా పైకి తేలవు. ఫోకస్, బ్లర్ తేలవు. వాటి కోసం ఫోకస్ఇన్, ఫోకస్అవుట్ అనే తేలే జంట ఉంది. గడి పక్కన రాసి ఉండే పేరు మీద, అంటే లేబుల్ మీద నొక్కితే క్లిక్ రెండుసార్లు వస్తుంది. మొదటిది లేబుల్ నుంచి, రెండోది ఆ లేబుల్‌కు చెందిన గడి నుంచి బ్రౌజర్ తానే పుట్టించేది. టార్గెట్ చూడకుండా క్లిక్‌లు లెక్కపెడితే ఒక మనిషిని ఇద్దరుగా లెక్కించినట్టవుతుంది.

ఒకే సంగతికి రెండు పేర్లు ఎలా వచ్చాయి

మన ఇళ్లలో కంప్యూటర్ పని మొదటి తరంలో చేసినవారిని అడిగితే టార్గెట్‌తోపాటు “ఎస్‌ఆర్‌సీ ఎలిమెంట్” అనే మరో పేరు చెబుతారు. దానికో చరిత్ర ఉంది. నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ 1995 మే నెలలో పది రోజుల్లో ఈ భాషకు తొలి రూపం ఇచ్చారు. ఆ ఏడాది డిసెంబరులో జావాస్క్రిప్ట్ అనే పేరుతో దాన్ని ప్రకటించారు. 1997లో నెట్‌స్కేప్ నాలుగో బ్రౌజర్, మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ నాలుగో బ్రౌజర్ వచ్చాయి. కబురు పుట్టిన చోటును మొదటిది టార్గెట్ అంది, రెండోది ఎస్‌ఆర్‌సీ ఎలిమెంట్ అంది. నెట్‌స్కేప్‌లో కబురు పైనుంచి కిందికి దిగేది, మైక్రోసాఫ్ట్ దాంట్లో కిందినుంచి పైకి తేలేది.

వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2000 నవంబరులో రెంటినీ కలిపి ఒక ప్రమాణం చేసింది. కబురు ముందు పైనుంచి గడి దాకా దిగాలి, తర్వాత గడి నుంచి పైకి తేలాలి, పుట్టిన చోటుకు టార్గెట్ అనే పేరు ఉండాలి అంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆ దారికి రావడానికి 2011లో తొమ్మిదో కూర్పు దాకా పట్టింది. మధ్యలో గడిచిన పదేళ్లకు పైగా పేజీలు రాసినవారు “టార్గెట్ ఉంటే అది, లేకపోతే ఎస్‌ఆర్‌సీ ఎలిమెంట్” అని ప్రతిచోటా రెండూ రాసుకున్నారు. ఆ బ్రౌజర్‌ను 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ విరమింపజేసింది. పాత పేజీలు ఆగిపోకూడదని రెండో పేరును నేటి బ్రౌజర్లు ఇంకా ఉంచాయి. కొత్తగా రాసేవారికి టార్గెట్ ఒక్కటి చాలు.

ఒకే మీట, రెండు భాషలు

బెంగళూరులో ఉన్న మనకు ఈ విషయం ఇంకా దగ్గరగా తగులుతుంది. ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ కీబోర్డు పద్ధతిలో ఏ భాషకైనా ఒక ధ్వనికి ఒకే మీట. ఇంగ్లిషు “కె” ఉన్న మీట నొక్కితే తెలుగులో క, కన్నడలోనూ క. వేలు అదే, మీట అదే, పడాల్సిన అక్షరం మాత్రం వేరు. యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా, ఆ వెంటనే కన్నడకు 3200 నుంచి 3327 దాకా సంఖ్యలు కేటాయించారు. తెలుగు క సంఖ్య 3093. కన్నడ క సంఖ్య 3221. తేడా సరిగ్గా 128. రెండు లిపులూ అక్కాచెల్లెళ్లని మనం అంటూ ఉంటాం, కంప్యూటర్లోనూ ఇరుగుపొరుగునే కాపురం పెట్టాయి.

లిపి మార్పిడి పనిని పేజీయే చూసుకుంటున్నప్పుడు ఏ అక్షరం వేయాలో మీటను చూసి చెప్పలేం. గడిని చూడాలి. మన ఫారంలో ప్రతి పేరు గడి మీదా దాని భాష ఏమిటో లాంగ్ అనే గుర్తు రాసి ఉంటుంది. కబురు రాగానే స్క్రిప్ట్ టార్గెట్‌ను పట్టుకుని ఆ గుర్తు చదువుతుంది. తెలుగు గడి అయితే తెలుగు అక్షరం, కన్నడ గడి అయితే కన్నడ అక్షరం వేస్తుంది. ఫోన్ నంబరు గడి అయితే చెయ్యి పెట్టదు.

తెలుగువారు ఈ పనిని చాలాకాలంగా చేస్తున్నారు. వీవెన్ తయారు చేసిన లేఖినిలో ఒక పెట్టెలో ఇంగ్లిషు అక్షరాలతో టైపు చేస్తే మరో పెట్టెలో తెలుగు కనిపించేది. ఎందరో తెలుగువారు ఇంటర్నెట్‌లో తొలి తెలుగు మాట రాసింది అలాగే. అక్కడ ఏ పెట్టెలో రాయాలో ముందే తెలుసు కాబట్టి గడి గురించిన చిక్కు తక్కువ. తెలుగు వికీపీడియాలో అలా కాదు. వెతికే పెట్టె ఒకటి, వ్యాసం రాసే పెట్టె ఒకటి, సారాంశం పెట్టె ఒకటి. ఏ పెట్టెలోకి వెళ్తే ఆ పెట్టె దగ్గరే కీబోర్డు గుర్తు వచ్చి నిలబడుతుంది. కంట్రోల్ మీటతో “ఎమ్” నొక్కితే తెలుగు టైపింగ్ ఆగుతుంది, మళ్లీ నొక్కితే మొదలవుతుంది. ఫోకస్ ఏ గడికి వచ్చిందో స్క్రిప్ట్‌కు తెలియకపోతే ఇదేదీ సాగదు.

ఫోన్‌లో టైపు చేసేవారి సంగతి మరొకటి. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెర మీది కీబోర్డు వాడితే ఏ మీట నొక్కారన్నది పేజీకి సరిగా తెలియదు. చాలాసార్లు కీడౌన్‌లో ఏ అక్షరానికైనా 229 అనే ఒకే సంఖ్య వస్తుంది. అది అక్షరం సంఖ్య కాదు, “కీబోర్డు ఇంకా పదం కూరుస్తోంది” అన్న సూచన మాత్రమే. మీట తెలియకపోయినా గడి తెలుస్తుంది, టార్గెట్ తప్పదు. కాబట్టి మీటలు లెక్కపెట్టకుండా, ఇన్‌పుట్ కబురు వచ్చినప్పుడు ఆ గడిలో ఉన్న రాతను చదువుకోవడమే నమ్మదగ్గ పద్ధతి.

ఎవరూ తాకని గడి

ఇక అసలు విషయానికి వస్తున్నాం. మాతృభాష గడి జాబితా రూపంలో ఉంటుంది. దాని మీద నొక్కితే భాషల పేర్లు కిందికి దిగుతాయి. ఇలాంటి జాబితాకు ఒక స్వభావం ఉంది. ఏది ఎంచాలో ముందుగా చెప్పకపోతే బ్రౌజర్ తనంతట తాను మొదటి పేరును ఎంచి చూపిస్తుంది. ఈ రాష్ట్రంలో తయారయ్యే ఫారాల్లో కన్నడ మొదట ఉండటం సహజమే, అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ తొందరలో ఉన్న తండ్రి ఆ గడిని చూడకుండా దాటిపోతే, తెలుగు ఇంటి బిడ్డ మాతృభాష కన్నడ అని నమోదవుతుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరూ నిజమూ చెప్పలేదు. గడి మాత్రం సమాధానం ఇచ్చేసింది.

దీని ఫలితం ఏళ్ల తర్వాత బయటపడుతుంది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు ఉండాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతుంది. ఆ పిల్లలు ఎందరున్నారో తెలిసేది ఇలాంటి గడుల నుంచే. 2011 జనగణనలో కర్ణాటక జనాభాలో తెలుగును మాతృభాషగా చెప్పినవారు సుమారు 5.8 శాతం. జనగణన సిబ్బంది ఇంటింటికీ వచ్చి, నోరు విప్పి అడిగి, మనిషి చెప్పిన మాట రాసుకున్న లెక్క అది. ఎవరూ అడగకుండా జాబితాయే చెప్పిన జవాబుకు ఆ విలువ రాదు.

స్క్రిప్ట్ ఇక్కడ సాయం చేయగలదు. మనిషి జాబితా తెరిచి వేరే పేరు ఎంచుకుంటే చేంజ్ కబురు వస్తుంది, దాని టార్గెట్ మాతృభాష గడి. ఎవరూ తాకకపోతే ఆ గడి నుంచి కబురే రాదు. గుమ్మం దగ్గరి కాపలా మనిషి రిజిస్టరులో ఆ గడి పేరు ఉండదు. అంటే, మాట్లాడిన గడి ఏదో తెలిస్తే మాట్లాడని గడి ఏదో కూడా తెలుస్తుంది. ఈ వ్యాసమంతా చెప్పదలచుకున్నది ఈ ఒక్క ముక్కే.

దీనికీ హద్దులున్నాయి. జాబితాలో ముందే కనిపిస్తున్న పేరునే మళ్లీ ఎంచితే చేంజ్ రాదు. చూసి ఒప్పుకున్న మనిషికీ, చూడకుండా దాటిపోయిన మనిషికీ తేడా అప్పుడు తెలియదు. పాత వివరాలు గుర్తుపెట్టుకుని బ్రౌజర్ తానే నింపినప్పుడు కూడా చాలాసార్లు ఇన్‌పుట్, చేంజ్ కబుర్లు వస్తాయి, మనిషి చూశాడన్న భరోసా లేదు. స్క్రిప్టే ఒక గడిలో రాత మారిస్తే అసలు కబురే పుట్టదు. ఇంగ్లిషు పేరు నుంచి తెలుగు పేరును పేజీయే రాసి పెట్టినప్పుడు ఇదే జరుగుతుంది. ఆ తెలుగు పేరు మీరు రాసింది కాదు, పేజీ ఊహించింది. ఒకసారి చదివి చూడండి అని అడగాల్సిందే.

మన కమిటీలో ఒక సూచన వచ్చింది. “తెలుగు సంఘం ఫారమే కదా, తెలుగునే ముందు పెట్టేస్తే పోదా?” అని. పిల్లలు ఒప్పుకోలేదు. మన ఇళ్లలో కన్నడ కోడళ్లున్నారు, తమిళ అల్లుళ్లున్నారు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే తెలుగు ముస్లిం కుటుంబాలున్నాయి. తెలుగును ముందే పెడితే వారంతా తాకకుండానే తెలుగువారైపోతారు. మన అంకె పెరుగుతుంది, దానిలో నిజం తగ్గుతుంది. ఎవరైనా అధికారి “ఈ లెక్క ఎలా వచ్చింది?” అని అడిగితే చెప్పుకోలేం. చివరికి జాబితాలో మొదటి వరుసను “ఎంచుకోండి” అని విలువ లేకుండా ఉంచి, గడిని తప్పనిసరి చేశారు. అలా చేస్తే ఎంచుకోకుండా పంపబోతే బ్రౌజరే ఆపుతుంది. ప్రతి జవాబూ మనిషి చెయ్యి పడ్డాకే వస్తుంది.

తప్పు ఎక్కడో చెప్పని ఫారం

అన్నీ నింపి పంపితే “వివరాలు సరిగా లేవు” అని ఎర్రటి వాక్యం ఒకటి వస్తుంది. ఏ వివరం? చెప్పదు. మన పెద్దలు చాలామంది ఫారాలు వదిలేసేది ఇక్కడే. ముఖ్యంగా పేర్ల దగ్గర. ఇంటిపేరును ఒక్క అక్షరంగా రాసుకునే అలవాటు మనది. ఇంటిపేరు గడికి కనీసం రెండు అక్షరాలుండాలన్న నియమం పెడితే ఇంగ్లిషులో రాసిన “కె” చాలదు.

తెలుగు అక్షరాల లెక్కలో ఇంకో చిక్కుంది. “శ్రీలక్ష్మి” మనకు మూడు అక్షరాలు. కంప్యూటరుకు పదకొండు: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం, ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. గడిలో పదికి మించి పట్టవన్న నియమం ఉంటే శ్రీలక్ష్మి చివరి గుడి పోగొట్టుకుని “శ్రీలక్ష్మ” అయి కూర్చుంటుంది.

ఏ గడి తప్పిందో బ్రౌజరుకు తెలుసు. తప్పిన ప్రతి గడి నుంచీ ఇన్‌వాలిడ్ అనే కబురు వస్తుంది, టార్గెట్ ఆ గడే. కాకపోతే ఇది పైకి తేలని కబుర్లలో ఒకటి. గుమ్మం దగ్గరి కాపలా తేలేటప్పుడు వింటే వినిపించదు. పైనుంచి గడి దాకా దిగే దశలో వినాలి. దాన్ని క్యాప్చర్ అంటారు. అప్పుడు ఆ గడి పక్కనే “ఇంటిపేరు పూర్తిగా రాయండి” అని తెలుగులో చూపించవచ్చు.

ఇది ఎవరి దయా కాదు. తప్పు దొరికినప్పుడు అది ఏ గడిలో ఉందో గుర్తించి, ఆ తప్పేమిటో అక్షరాలలో చెప్పాలని 2008 డిసెంబరులో వచ్చిన వెబ్ అందుబాటు మార్గదర్శకాలు, రెండో కూర్పు, 3.3.1 నియమం అంటుంది. మూడు స్థాయిల్లో అది మొదటి స్థాయి నియమం, అంటే కనీసంగా ఉండాల్సినది. చూపు తగ్గినవారికి ఎర్ర రంగు ఒక్కటే చాలదు కాబట్టి అక్షరాలలో చెప్పమన్నారు.

పంపండి నొక్కాక

పంపండి అన్న బటన్ నొక్కినప్పుడు వచ్చే సబ్మిట్ కబురుకు టార్గెట్ గడి కాదు, మొత్తం ఫారం. ఏ బటన్ నొక్కారో తెలియాలంటే సబ్మిటర్ అని అడగాలి. “దాచండి”, “పంపండి” అని రెండు బటన్లున్న ఫారంలో ఇది అవసరం. పేరు గడిలో ఉండగానే ఎంటర్ కొట్టినా ఫారం వెళ్లిపోవచ్చు. అప్పుడు సబ్మిటర్‌గా కనిపించేది ఫారంలోని మొదటి పంపే బటన్, మీరు ఉన్న గడి కాదు. సగం నింపిన ఫారాలు వెళ్లిపోవడానికి ఈ ఎంటర్ మీట కూడా ఒక కారణం.

అవతలి కంప్యూటరుకు చేరేది గడి పేరు, గడిలోని విలువ, అంతే. ఏ గడిని ముందు తాకారు, దేన్ని మార్చారు, దేన్ని చూడలేదు అన్న చరిత్ర ఏదీ దానంతట అది వెళ్లదు. పేజీ మూసేస్తే ఆ కబుర్లన్నీ పోతాయి. అందుకే మన ఫారంలో ప్రతి మాతృభాష గడికీ ఒక చిన్న తోడు గుర్తు పెట్టారు. కబురు వస్తే “చెప్పారు” అని, రాకపోతే “చెప్పలేదు” అని అది విలువతోపాటు వెళ్తుంది. ఎవరు ఎంతసేపు టైపు చేశారు, ఏం రాసి ఏం కొట్టేశారు అన్నవేవీ దాచడం లేదు. వినగలం కదా అని అన్నీ వినడం మర్యాద కాదు.

నింపేటప్పుడు సభ్యులను కోరేది ఇంతే. తెలుగు పేరును పేజీ రాసి చూపితే వదిలేయకుండా చదవండి, ఒత్తు తప్పినా దీర్ఘం తప్పినా దిద్దండి. బ్రౌజర్ పాత వివరాలు నింపితే ఒక్కొక్క గడీ మళ్లీ చూడండి. గడి నుంచి గడికి వెళ్లడానికి ఎంటర్ కాకుండా ట్యాబ్ మీట వాడండి. ఇంట్లో పేజీలు రాసే పిల్లలుంటే, వారు కంపెనీలో చేసే ఫారాల్లోనూ మాతృభాష గడిలో మొదటి వరుస ఖాళీగా ఉందో లేదో ఒకసారి చూడమని చెప్పండి. అది తెలుగువారికి మాత్రమే కాదు, ఈ ఊళ్లో కొంకణి, తుళు, తమిళం, మరాఠీ మాట్లాడే ప్రతి ఇంటికీ పనికొస్తుంది.

ఫారం మీ దగ్గరికి వచ్చినప్పుడు మాతృభాష గడి ఖాళీగా కనిపిస్తుంది. అది కావాలనే ఖాళీగా ఉంచాం. ఇంట్లో ఒక్కొక్కరినీ అడిగి, వారు చెప్పిన మాటనే అందులో నింపండి.